ఫ్రెంచి సినిమా ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? వరస, సబ్‌టైటిల్స్, టీవీ సెట్టింగులు

సెకండ్‌షో:

‘ఊపిరి’కి మూలమైన ‘ది ఇన్‌టచబుల్స్’, ‘చీకటి రాజ్యం’కి మూలమైన ‘స్లీప్‌లెస్ నైట్’. ఫ్రెంచిలో ఇప్పటిదాకా చూసినవి ఈ రెండే. ఇక పాతవాటిలోకీ, ఈమధ్య కాన్స్ చిత్రోత్సవంలో బహుమతులు కొట్టినవాటిలోకీ దిగాలనుంది. నెట్‌లో జాబితాలకు కొదవలేదు గానీ అన్నీ సంవత్సరాల వారీగా పేర్చినవే. ఏది ముందు చూస్తే ఏది అర్థమవుతుందో ఒక్కళ్ళూ చెప్పరు.

అడిగేవి మూడు. మొదటి పది సినిమాలు ఏ వరసలో చూడాలి? ‘బ్రెత్‌లెస్’లో బొమ్మ మధ్యమధ్యలో ఎగిరిపోతోంది, కారు సీన్లో మరీనూ. ఫైలు పాడైందా, సినిమాయే అంతా? సబ్‌టైటిల్స్ మొదట్లో సరిగ్గానే ఉండి, పోనుపోను మాటకంటే ముందే వచ్చేస్తున్నాయి, దీనికి మందేంటి?

ఉన్నది 32 అంగుళాల టీవీ, ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయరు. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు.

రీలుపెట్టె:

వరస సంగతి నేను చెప్తాను. సబ్‌టైటిల్స్ సంగతి తెలిసినవాళ్ళు వేరే ఉన్నారిక్కడ.

కొత్తగా వచ్చినవాళ్ళని తిన్నగా గొదార్ (‘బ్రెత్‌లెస్’ తీసినాయన) దగ్గరికి తోలెయ్యడం మనవాళ్ళకి అలవాటు. సగం మంది అక్కడే ఆగిపోతారు. న్యూవేవ్ కుర్రాళ్ళు, అంటే 1950ల చివర్లో వచ్చిన గొదార్, త్రుఫో లాంటి కొత్త దర్శకులు, అప్పటి స్టూడియో పద్ధతి మీద తిరగబడ్డారు. ఆ పద్ధతిలో సినిమా ఎంత పకడ్బందీగా ఉండేదో చూడకపోతే వీళ్ళ గోల ఎందుకో తెలీదు. అందుకని మొదట క్లూజో తీసిన ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’ (1953) పెట్టండి. నూనెబావి మంట ఆర్పడానికి నలుగురు మనుషులు రెండు లారీల్లో నైట్రోగ్లిజరిన్ తోలుకెళ్ళాలి, కుదుపు తగిలితే అంతే. కథ జరిగేది దక్షిణ అమెరికాలో, తీసింది దక్షిణ ఫ్రాన్సులో. ఒక హెచ్చరిక: దాదాపు మొదటి గంట లారీ కదలదు. ఆ గంట ముందుకు తోసేస్తే తర్వాత ఆ నలుగురిలో ఎవడు చచ్చినా మీకు పట్టదు.

రెండు, మూడు కలిపి ఒకే వారంలో చూడండి. బ్రెసాన్ ‘ఎ మ్యాన్ ఎస్కేప్డ్’ (1956), బెకర్ ‘లె త్రూ’ (1960). రెండూ జైలు నుంచి తప్పించుకోవడమే, రెండూ నిజంగా జరిగినవే. బ్రెసాన్‌ది 1943లో లియోన్‌లోని మోంట్‌లూక్ జైలు నుంచి ఆంద్రే దెవిన్యీ పారిపోయిన వైనం. బెకర్‌ది 1947లో పారిస్ లా సాంతే జైల్లో జరిగిన ప్రయత్నం. అందులో పాలుపంచుకున్న జాన్ కెరోదీ సినిమాలో తన పాత్ర తానే వేశాడు.

పద్ధతులు మాత్రం ఒకదానికొకటి ఎదురు. బెకర్ అంతా చూపిస్తాడు. గచ్చు పగలగొట్టే షాటు కోత లేకుండా నాలుగు నిమిషాల దగ్గరదగ్గరగా నడుస్తుంది, ప్రతి దెబ్బా వినపడుతుంది, చివరి టైటిళ్ళ దాకా సంగీతమే లేదు. బ్రెసాన్ చూపించేది తక్కువ. చెంచాని నేలకేసి రాసి ఉలిగా చేసే చేతులు, తలుపు చెక్క, అంతే. కాపలావాడు వస్తున్నాడని మీకు తెలిసేది చెవితోనే. నటులు కానివాళ్ళని పెట్టుకుని, ముఖాల్లో ఏ భావమూ పలకనివ్వడు. అది చేతకాక కాదు, అదే ఆయన పట్టు. అభినయం కోసం ఎదురుచూస్తే నిరాశే. చేతుల్నీ చప్పుళ్ళనీ పట్టుకుంటే ఊపిరాడదు. ఆయన సినిమాల్లో మొదట చూడాల్సింది ఇదే. ‘బల్తజార్’ తర్వాత.

నాలుగు, త్రుఫో ‘ది 400 బ్లోస్’ (1959). అందులో కుర్రాణ్ణి మనస్తత్వవేత్త ప్రశ్నలడిగే సీను జాగ్రత్తగా చూడండి. ఆమె గొంతే తప్ప మనిషి కనపడదు. కుర్రాడు జాన్-ప్యేర్ లెయో జవాబులు చాలామటుకు అప్పటికప్పుడు చెప్పినవి. స్టూడియో పద్ధతి ఎక్కడ విరిగిందో ఆ ఒక్క సీన్లో కనపడుతుంది. ఐదోది ‘బ్రెత్‌లెస్’, దాని సంగతి కింద రాస్తా. ఆరు, ఆన్యెస్ వార్దా ‘క్లియో ఫ్రం 5 టు 7’ (1962). ఏడు, జాక్ దెమీ ‘ది అంబ్రెలాస్ ఆఫ్ షెర్‌బూర్గ్’ (1964). ఎనిమిది, మెల్విల్ ‘లె సమురాయ్’ (1967). ఇందులో దాదాపు పది నిమిషాలు ఒక్క మాటా వినపడదు, ఆడియో పోయిందని కంగారుపడకండి.

దెమీ సినిమాలో మాటలన్నీ పాటలే. మన పద్యనాటకంలో పద్యం కోసం కథ ఆగుతుందే, అలా కాదు. గ్యారేజీలో బండి మాటలు, బంకులో ఏ పెట్రోలు కావాలనే ప్రశ్న, అన్నీ మిషెల్ లెగ్రాన్ బాణీలోనే. మొదటి పావుగంట నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు. మీకు దొరికిన ప్రింటు రంగులు వెలిసి గులాబీ రంగుకి తిరిగి ఉంటే అది పాతకాలంలో ఫిల్ము నుంచి వీడియోకి ఎక్కించింది. అప్పటి ఈస్ట్‌మన్‌కలర్ నెగెటివ్‌లు వెలిసిపోయేవి. దెమీ ముందుచూపుతో మూడు రంగుల్నీ విడివిడిగా బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద ఎక్కించి ఉంచాడు కాబట్టి 1990ల్లో ఆయన భార్య వార్దా దగ్గరుండి బాగుచేయించగలిగింది. ఆ తర్వాతి ప్రింటే చూడాలి, గోడ కాయితాల రంగులు ఆ సినిమాలో సగం.

రెన్వార్ ‘ది రూల్స్ ఆఫ్ ది గేమ్’ (1939) తొమ్మిదోది. అన్ని జాబితాల్లో నెత్తిన ఉంటుంది, మొదటే పెడితే ఇందులో ఏముందిరా అనిపిస్తుంది. ముందు వరసలో ఒకళ్ళు మాట్లాడుతుంటే వెనక తలుపు దగ్గర ఇంకో కథ నడుస్తుంటుంది. ఆ అలవాటు కంటికి పట్టాక చూడాలి. బొమ్మ కొంచెం మెత్తగా ఉందేమని అడక్కండి. అసలు నెగెటివ్ యుద్ధంలో బాంబులకు పోయింది. ఇప్పుడు మనం చూసే 106 నిమిషాల సినిమా 1959లో దొరికిన ముక్కలతో కూర్చింది. పదోది మీ ఇష్టం.

ఫ్రేమురేటు:

సబ్‌టైటిల్స్ విషయం. ముందు రెండు చోట్ల కొలవండి: మొదటి ఐదు నిమిషాల్లో ఒక డైలాగు, ఆఖరి పది నిమిషాల్లో ఒకటి.

రెండు చోట్లా ఒకే తేడా ఉంటే అది మామూలు ఆలస్యం. వీఎల్‌సీలో హెచ్ నొక్కితే సబ్‌టైటిల్ ఇంకాస్త ఆలస్యంగా, జీ నొక్కితే ఇంకాస్త ముందుగా వస్తుంది, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు.

తేడా పెరుగుతూ పోతే (మీ కేసు ఇదే) అది వేగం తేడా. సినిమా తీసింది సెకనుకి 24 ఫ్రేములు. యూరప్ డీవీడీలు పాల్ అనే అక్కడి టీవీ పద్ధతివి, 25 ఫ్రేములు. 24ని 25గా నడిపించేస్తారు కాబట్టి సినిమా 4 శాతం ముందే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఆ డీవీడీ నుంచి తీసిన సబ్‌టైటిల్‌ని 24 ఫ్రేముల వీడియోకి తగిలిస్తే గంట దగ్గర 2 నిమిషాల 24 సెకన్లు ముందుంటుంది. హెచ్, జీ ఎన్నిసార్లు నొక్కినా లాభంలేదు. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, సింక్రొనైజేషన్ మెనూలో ‘ఛేంజ్ ఫ్రేమ్ రేట్’కి వెళ్ళి 25 నుంచి 23.976కి మార్చి సేవ్ చెయ్యండి. మీ వీడియో ఎంతలో ఉందో వీఎల్‌సీలో టూల్స్, కోడెక్ ఇన్ఫర్మేషన్‌లో కనపడుతుంది. సరిగ్గా 24 అని ఉంటే 24 ఇవ్వండి. 23.976కీ 24కీ తేడా గంటకి 3.6 సెకన్లే గానీ చివరికొచ్చేసరికి చిరాకు పెడుతుంది.

సగం దాకా బాగుండి ఒక్కసారిగా తప్పితే సబ్‌టైటిల్ ఆ సినిమాదే వేరే కూర్పుదని అర్థం. దానికి అదే మెనూలో ‘పాయింట్ సింక్’. ఫ్రెంచి పేర్లలో అక్షరాల బదులు చెత్త గుర్తులు వస్తే ఎన్‌కోడింగ్ గొడవ, ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే పోతుంది. ఇంకోటి, 100 నిమిషాల సినిమా 96 అని చూపిస్తే కత్తిరించారని అనుకోకండి, అది పాల్ లెక్కే.

టీవీ సంగతి. పాత సినిమాల ఫ్రేము 1.37 (అంటే ఎత్తుకి వెడల్పు 1.37 రెట్లు), చాలా ఫ్రెంచి సినిమాలది 1.66, ‘400 బ్లోస్’ లాంటి స్కోపువి (బాగా వెడల్పు తెరవి) 2.35. మీ టీవీ 1.78. కాబట్టి పక్కనో, పైనా కిందానో నల్లపట్టీ ఉండి తీరాలి. పట్టీ పోవాలని టీవీలో జూమ్ పెడితే 1.37 సినిమాలో ఎత్తు 23 శాతం కోసుకుపోతుంది, తలలు ఎగిరిపోతాయి. వీఎల్‌సీలో ఏ, సీ కీలు పొరపాటున తగిలితే కూడా ఇదే గతి. రెండూ డిఫాల్ట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్యలో ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేసే సెట్టింగు) ఏ పేరుతో ఉన్నా ఆపెయ్యండి, 1960 సినిమా సీరియల్‌లా కనపడేది దానివల్లే.

డిస్కు కొనేవాళ్ళకి: ఫ్రాన్సులో అమ్మే బ్లూరేలు రీజియన్ బి, ఇండియాది సి, కాబట్టి ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. పైగా చాలా ఫ్రెంచి డిస్కుల్లో ఉండేది వినికిడి లేనివాళ్ళ కోసం వేసిన ఫ్రెంచి సబ్‌టైటిల్స్ మాత్రమే. ఇంగ్లీషు ఉందో లేదో వెనక అట్ట చదివాకే డబ్బులు కట్టండి.

తెనాలి_టు_తులూజ్:

రీలుపెట్టె గారి వరస సినిమా పిచ్చి ముదిరినవాళ్ళకి బాగుంటుంది. అడిగినవారు ‘ఇన్‌టచబుల్స్’ నుంచి వస్తున్నారు, ఆయన్ని 1953కి తీసుకెళ్ళడమేంటండీ? నేనైతే ఇటునుంచి అటు నడిపిస్తా.

మొదట ‘లా హేన్’ (1995). పారిస్ శివారు కాలనీలో ముగ్గురు కుర్రాళ్ళు, ఒక్క రోజు. కాలనీలో ఉన్నంతసేపూ వెడల్పు లెన్సు, వెనక భవనాలు కూడా స్పష్టంగా ఉంటాయి. పారిస్‌లోకి రాగానే పొడుగు లెన్సు, వెనకంతా మసక. కాలనీలో వాళ్ళు ఊరితో కలిసి ఉంటారు, పారిస్‌లో విడిగా అతికించినట్టుంటారు. దాని వెంటనే లాద్జ్ లీ ‘లె మిజరాబ్ల్’ (2019) చూస్తే పాతికేళ్ళలో ఏం మారిందో, ఏం మారలేదో మీకే తెలుస్తుంది. తర్వాత ఓదియార్ ‘ఎ ప్రాఫెట్’ (2009), ‘దీపన్’ (2015). ‘దీపన్’లో చాలా భాగం శ్రీలంక తమిళం, మనకి చెవికి దగ్గర.

జుస్తిన్ త్రియే ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ (2023)కి ఒక జాగ్రత్త. కథానాయిక జర్మన్, సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి మాట్లాడుతుంది. కోర్టులో ఆమె ఏ భాషలోంచి ఏ భాషకి ఎప్పుడు మారుతోందన్నది కేసుకి ముఖ్యం. ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టుకుంటే అదంతా గంగలో కలుస్తుంది. సియామా ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్’ (2019)లో నేపథ్య సంగీతం లేదు. కథలోని మనుషులు పాడిందీ వాయించిందీ మాత్రమే వినపడుతుంది. టీవీలో ఆటో వాల్యూమ్ ఉంటే తీసెయ్యండి. చిన్న చప్పుళ్ళని పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది, రాత్రి మంట దగ్గర ఆడవాళ్ళు పాట ఎత్తుకునే సీను చప్పగా అయిపోతుంది.

పాతవాటిలోకి వెళ్ళేముందు అల్జీరియా యుద్ధం (1954–62) గురించి ఒక పేజీ చదవండి. ఏ జాబితాలోనూ ఈ మాట రాయరు. ‘షెర్‌బూర్గ్’లో కుర్రాడు వెళ్ళేది ఆ యుద్ధానికే, ‘క్లియో’లో పార్కులో కలిసే సైనికుడు సెలవు మీద వచ్చింది అక్కణ్ణించే. గొదార్ ఆ యుద్ధం మీద 1960లో తీసిన ‘లె పెతీ సోల్దా’ని 1963 దాకా ఆడనివ్వలేదు. ప్రేక్షకులకి అంతా తెలుసు కాబట్టి సినిమాల్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. తెలియనివాళ్ళకి ఆ సైనికుడు ఏదో దారినపోయే దానయ్యలా కనిపిస్తాడు.

రీలుపెట్టె:

ఇటునుంచి అటు నడిచినా నాకేం అభ్యంతరం లేదండీ, ‘లా హేన్’ నుంచి ‘400 బ్లోస్’కి మంచి దారే ఉంది. కాకపోతే ఇటునుంచి వచ్చినవాళ్ళు 1959 దగ్గర ఆగిపోతారు, ఇంకా వెనక్కి వెళ్ళరు. బెకర్ లాంటివాడు అలాగే మరుగునపడ్డాడు.

‘బ్రెత్‌లెస్’: మీ ఫైలు బాగానే ఉంది. మొదటి కూర్పు బాగా పొడుగొచ్చింది, సినిమా గంటన్నరకి దించాలి. మామూలుగా ఎవరైనా సీన్లు మొత్తంగా తీసేస్తారు. గొదార్ సీన్లు ఉంచి, వాటి మధ్యలోంచి ముక్కలు కోశాడు. కారు సీన్లో కెమెరా జీన్ సీబర్గ్ తల వెనకే ఉంటుంది, బెల్మోందో మాట నడుస్తుంటుంది, వెనక వీధి మాత్రం గెంతుతుంటుంది. ఫైలు పాడైతే మాట కూడా తెగుతుంది. ఇక్కడ మాట తెగదు, బొమ్మే తెగుతుంది. అదే గుర్తు.

మాట పెదాలకి అతకనట్టున్నా సబ్‌టైటిల్‌ని తిట్టకండి. కెమెరామన్ కుతార్ వాడిన కామెఫ్లెక్స్ కెమెరా తేలికే గానీ చప్పుడు ఎక్కువ, అందుకని షూటింగులో మాట రికార్డు చెయ్యకుండా తర్వాత డబ్బింగ్ చెప్పించారు. ట్రాలీ పట్టాలకి బదులు చక్రాల కుర్చీలో కుతార్‌ని కూర్చోబెట్టి తోశారు. రాత్రి సీన్లకి లైట్లు లేకుండా తియ్యాలని ఫొటోలు తీసుకునే ఇల్ఫర్డ్ హెచ్‌పీఎస్ ఫిల్ము కొని, 17.5 మీటర్ల చుట్టల్ని ఒకదానికొకటి అతికించారు. ఒక్కో చుట్ట 38 సెకన్లకి సరి. గరుకుగా కనపడే షాట్లు అవే.

సెకండ్‌షో:

సబ్‌టైటిల్ 25 నుంచి 23.976కి మార్చగానే కుదిరింది, థాంక్సండీ ఫ్రేమురేటు గారూ. వరస ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ నుంచే మొదలుపెడతా, మధ్యలో ‘లా హేన్’ దూర్చుకుంటా. పదోదిగా జాక్ తాతి హాస్య సినిమా ‘ప్లేటైమ్’ 32 అంగుళాల మీద చూడొచ్చా? డబ్బులు కట్టి చూసే దారులేంటి?

ఫ్రేమురేటు:

‘ప్లేటైమ్’ (1967) 70 ఎంఎం మీద తీసింది, దగ్గరి షాట్లు దాదాపు లేవు. ఒకే ఫ్రేములో నాలుగు మూలల్లో నాలుగు తమాషాలు జరుగుతుంటాయి, ఎటు చూడాలో తాతి చెప్పడు. 32 అంగుళాల మీద పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. టీవీకి మూడు నాలుగడుగుల్లో కూర్చుంటేనే పెట్టండి, లేదా తాతిదే ‘మోనాంకుల్’ (1958) చూసి దీన్ని పెద్ద తెరకి దాచుకోండి. హాస్యం ఒకే బాపతు, ఫ్రేము చిన్నది.

చూసే దారులు: ముబీ అనే స్ట్రీమింగ్ సైటులో ఫ్రెంచివి ఎక్కువ, కానీ హక్కులు అయిపోగానే తీసేస్తారు, చూడాలనుకున్నది కనపడితే ఆ నెలలోనే చూసెయ్యండి. ఫ్రెంచి సినిమాల్ని విదేశాల్లో ప్రచారం చేసే సంస్థ యూనిఫ్రాన్స్ ఏటా జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో ‘మై ఫ్రెంచ్ ఫిల్మ్ ఫెస్టివల్’ అని ఆన్‌లైన్‌లో పెడుతుంది, కొత్త దర్శకులకి అది బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఉంటే ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ (ఫ్రెంచి భాషా సాంస్కృతిక కేంద్రం) ప్రదర్శనల మీద ఓ కన్నేసి ఉంచండి. పారిస్‌లోని సినిమా భాండాగారం సినెమతెక్ వాళ్ళ ‘ఆన్రీ’ సైటులో పాత అరుదైనవి ఉచితమే గానీ చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఉండదు. మీరు మాటల్లేని మూకీలతో మొదలుపెట్టుకోండి, టైటిల్ కార్డులు ఫోన్ కెమెరాతో అనువదించుకుంటే సరిపోతుంది.