జిరార్డెల్లి విజయాలు లక్సెంబర్గ్ ఖాతాలో రాయదగినవేనా?

చలికొండ:
ఆల్పైన్ స్కీయింగ్ (మంచు వాలుల మీద కిందికి జారే పందేలు) వరల్డ్ కప్‌లో మార్క్ జిరార్డెల్లి 1985, 1986, 1989, 1991, 1993 సంవత్సరాల్లో ఓవరాల్ విజేతగా నిలిచాడు. రికార్డుల్లో అతని పేరు పక్కన లక్సెంబర్గ్ అని ఉండడం నాకు సమ్మతం కాదు. అతను పుట్టి పెరిగింది ఆస్ట్రియాలోని లుస్టెనౌలో. లక్సెంబర్గ్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు 560 మీటర్లు మాత్రమే. డౌన్‌హిల్ పందేనికి సరిపోయే వాలు అక్కడ వెతికినా దొరకదు. పొరుగింటి పొయ్యి మీద వండిన కూరను తమ వంటగా వడ్డించుకోవడం కాక ఇదేమిటి?

వాలుబాట:
చలికొండ గారూ, ఆ పొయ్యి ఆస్ట్రియా స్కీ సమాఖ్యది అనుకోవడంలోనే పొరపాటు ఉంది. శిక్షణ విషయంలో అతని తండ్రి హెల్ముట్‌కు సమాఖ్యతో విభేదాలు వచ్చాయి. కుర్రవాడుగా ఉండగానే మార్క్ లక్సెంబర్గ్ లైసెన్సుతో (ఆ దేశం తరఫున దిగేందుకు అనుమతితో) పోటీలకు దిగాడు, తండ్రే శిక్షకుడిగా కొనసాగాడు. నా దృష్టిలో అసలు సంగతి ఇంకొకటి. ఒక్కో పందెంలో ఒక్కో దేశానికి ఇంతమందే అన్న పరిమితి ఉంటుంది కనుక, ఆస్ట్రియా వంటి జట్టులో చోటు కోసం ముందు సొంతవాళ్లతోనే తలపడాలి. లక్సెంబర్గ్ తరఫున అతనికి ఆ బెడద లేదు. దగ్గర దగ్గర మలుపుల స్లాలమ్ నుంచి వేగమే ప్రధానమైన డౌన్‌హిల్ దాకా దేనిలోనైనా దిగవచ్చు. ఓవరాల్ టైటిల్ అన్ని విభాగాల పాయింట్లూ కలిపి ఇచ్చేది. 1988–89లో అతను ఐదు విభాగాల్లోనూ గెలిచాడంటే, దానిలో ఆ చిన్న దేశపు లైసెన్సుకూ కొంత వాటా ఉంది.

చలికొండ:
ఆ వాదన పూర్తిగా నిలవదు. అతని ప్రధాన ప్రత్యర్థి పిర్మిన్ జుర్‌బ్రిగ్గెన్ బలమైన స్విట్జర్లాండ్ జట్టులో ఉంటూనే అన్ని విభాగాల్లో పోటీపడి నాలుగు ఓవరాల్ టైటిళ్లు గెలిచాడు.

వాలుబాట:
నిజమే, అంతటి ప్రతిభ ఉన్నవాడికి పెద్ద జట్టులోనూ చోటు దొరుకుతుంది. పైగా ఒంటరితనానికి నష్టమూ ఉంది: ముందు దిగిన సహచరుడు మంచు ఎక్కడ గట్టిగా ఉందో, ఏ మలుపు మోసం చేస్తుందో పైనున్నవారికి చెప్పగలడు, జిరార్డెల్లికి ఆ సదుపాయం లేదు. కాబట్టి లైసెన్సు కలిసివచ్చిందన్న మాటను కొంత తగ్గించుకుంటాను. అయితే ఆస్ట్రియా వాటా దీనివల్ల పెరగదు.

హిమరేఖ:
ఇద్దరూ ఒలింపిక్స్‌ను వదిలేశారు. లక్సెంబర్గ్ పౌరసత్వం లేనందువల్ల 1984 సరయెవో క్రీడల్లో అతనికి ప్రవేశం దొరకలేదు. పౌరసత్వం వచ్చాక, 1992 ఆల్బెర్‌విల్ క్రీడల్లో జెయింట్ స్లాలమ్ (స్లాలమ్ కంటే దూరదూరంగా మలుపులుండే పందెం), సూపర్-జి (అంతకంటే వేగవంతమైనది) రెండింటిలోనూ అతను రజతాలు గెలిచాడు. కాగితం లేదని ఒకసారి బయట నిలబెట్టిన తరువాత, అదే కాగితంతో వచ్చి గెలిచిన పతకాలను వేరే దేశానివని ఎలా అంటాం?

చలికొండ:
హిమరేఖ గారూ, ఆ రెండు రజతాల విషయంలో నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను. పౌరసత్వం లేకుండానే గెలిచిన తొలినాళ్ల వరల్డ్ కప్ విజయాలను మాత్రం హెల్ముట్, మార్క్‌ల ఇంటి ఖాతాలోనే రాస్తాను, ఆస్ట్రియా ఖాతాలోనూ కాదు.