వెన్నులో నీళ్ళు తీస్తాం, పొట్ట స్కాన్ కూడా చేయాలి అంటున్నారు, తలకీ పొట్టకీ ఏంటి సంబంధం?

మారతహళ్ళి_అన్నయ్య:
చెల్లికి 22, ఇక్కడే బెంగళూరులో జాబ్. మూడు వారాల కింద జ్వరం తలనొప్పి వచ్చి తగ్గాయి, ఆ తర్వాత నిద్ర పోవట్లేదు, ఒకరోజు అర్ధరాత్రి లేచి ఎవరో నా మాటలు వింటున్నారని ఫోన్‌లో సిమ్ పీకి బియ్యం డబ్బాలో దాచింది. అమ్మ ఊర్నించి వచ్చి గాలి సోకిందని తాయెత్తు కట్టింది, నేనేమో ఆఫీసు టెన్షన్ అనుకున్నా. ఒక హాస్పిటల్లో సైకోసిస్ (లేనివి ఉన్నాయనుకునే మానసిక జబ్బు) అని మాత్రలిచ్చారు, అవి వేసుకున్నాక ఒళ్ళు బిగుసుకుపోయింది, మూతి అదేపనిగా చప్పరిస్తోంది, మొన్న ఫిట్స్. ఇప్పుడు నిమ్హాన్స్‌లో, అదే ఇక్కడి మెదడు, మానసిక జబ్బుల పెద్దాసుపత్రిలో ఉంది. ఎంఆర్ఐ నార్మలే. వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయని అమ్మ సంతకం పెట్టనివ్వట్లేదు. ఏం చేయాలి?

చెన్నై_న్యూరో_పీజీ:
బ్రో ముందు సంతకం పెట్టు. ఆ సూది వెన్నుపాము అయిపోయిన చోటుకి కింద గుచ్చుతారు, చాలామందికి మహా అయితే కొన్నిరోజులు తలనొప్పి. నువ్వు చెప్పింది చూస్తే ఎన్ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ అనే ఒకరకం మెదడు వాపు డౌట్ వస్తుంది, అంటే రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద పడటం. 2007లో డల్మావ్ అనే న్యూరాలజిస్ట్ టీమ్ దీన్ని బయటపెట్టింది, అంతకుముందు ఇలాంటివాళ్ళు ఎంతమంది పిచ్చి అనే ముద్రతో మిగిలిపోయారో. ఎంఆర్ఐ చాలామందికి నార్మలే వస్తుంది, రక్తంలో నెగెటివ్ వచ్చినా వెన్ను నీళ్ళలో దొరకొచ్చు, అందుకే ఆ టెస్టు. ఇక పొట్ట స్కాన్ ఓవరీలో టెరటోమా అనే గడ్డ ఉందేమో చూడ్డానికి. ఆ గడ్డలో మెదడు కణాలు కూడా ఉంటాయి, ఒళ్ళు వాటి మీద యుద్ధం మొదలుపెడితే అసలు మెదడుకీ దెబ్బ తగులుతుంది. 2013లో ఈ జబ్బున్న 577 మందిని చూస్తే 38 శాతం మందికి గడ్డ ఉంది, అందులో ఎక్కువ ఇదే. మామూలుగా క్యాన్సర్ కాదు, కంగారు పడకు.

బీటీఎం_సుబ్బు:
మా ఆవిడకి ఇదే అయింది. నన్ను చూసి నువ్వెవరు, మా ఆయన్నేం చేశావ్ అనేది. గడ్డ తీస్తే అందులో వెంట్రుకలు, ఒక పన్ను కూడా ఉన్నాయి, డాక్టర్ ఫోటో చూపిస్తే రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, నరంలోకి ఎక్కిస్తారు) ఇచ్చారు, ఐవీఐజీ ఖరీదు బ్రో, ఇన్సూరెన్స్ వాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. వెంటనే లేచి కూర్చోదు, మాకు నెలలు పట్టింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఆ రెండు నెలలు మాత్రం అస్సలు గుర్తు లేవు.

గోదారి_పిల్ల:
మా మామయ్యకి 61, ఆయనకీ మతిమరుపు, ఫిట్స్. మెదడు వాపు అన్నారు, వెతికితే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ దొరికింది. సిగరెట్లు కాల్చేవాడు. కాబట్టి ఏ స్కాన్ చెప్పినా వద్దనకండి అన్నా.

మారతహళ్ళి_అన్నయ్య:
సంతకం పెట్టేశా. నీళ్ళు తీశారు, రిపోర్టు రావాలి, స్కాన్ రేపు. తాయెత్తు నడుంకి ఉంది, అడ్డం అని నర్సు తీయబోతే అమ్మ ఏడుపు, చివరికి అమ్మే విప్పి చెల్లి చేతికి కట్టింది.