ఏడో తరగతి పాపకు గేమింగ్ కంప్యూటర్: 30,000 రూపాయలలో ఏది కొనాలి?

మున్నేటి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నేను చిన్న టైలరింగ్ దుకాణం నడుపుతాను. మా పాప ఏడో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా వాళ్లమ్మ ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతోంది. ఆడుతోంది అనడం కంటే కడుతోంది అనడమే సరైన మాట. ఎందుకంటే అరచేయంత తెర మీద మా వీధిని, మా దుకాణాన్ని, లోపలి కుట్టు మిషన్లతో సహా కట్టి నాకు చూపించింది. కంప్యూటర్ ఉంటే ఊరంతా కట్టగలనని అంటోంది. హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కొడుకులు వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడతారు కాబట్టి, పెద్దయ్యాక వాళ్లతో కలిసి ఆడాలని కూడా ఆశపడుతోంది.

చీటీ డబ్బులో 30,000 రూపాయలు ఇందుకోసం పక్కన పెట్టాను. అంతకు మించి పెట్టే స్తోమత ఈ ఏడాది లేదు. ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది కనుక, మానిటర్ ఖర్చు దానితో తప్పుతుందేమో చెప్పగలరు. ఇక్కడి దుకాణంలో ఒకరు "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్ల క్యాబినెట్" అంటూ 24,000 రూపాయలకు ఇస్తామన్నారు. నాకు వీటి సంగతి తెలియదు. పాప ఎంతగానో ఎదురుచూస్తోంది కాబట్టి, తీరా కొన్నాక అది పనికిరానిదని తేలితే తట్టుకోవడం కష్టం. దయచేసి తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సర్వీసు బల్ల:

నమస్కారం అండి. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మరమ్మతు పనిలో ఉన్నాను. దుకాణంవారు మీకు చాలా చెప్పారు గానీ, చెప్పవలసిన ఒక్క సంగతి చెప్పలేదు. ఐ7 అన్న మాటకు దాని పక్కనున్న అంకె లేకుండా అర్థం లేదు. ఐ7-2600 అంటే 2 వ జనరేషన్, 2011 నాటిది. ఐ5-8500 అంటే 8 వ జనరేషన్, 2018 నాటిది. పేరులో 5 ఉన్నా రెండోదే ఎంతో వేగమైనది. ముందు ఆ అంకె, దాంతోపాటు గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు కాగితం మీద రాయించుకుని రండి.

జనరేషన్ గురించి ఇంతగా పట్టుబట్టడానికి మరో కారణం ఉంది. విండోస్ 10 కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది. విండోస్ 11 కి మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన ప్రకారం ఇంటెల్‌లో దాదాపుగా 8 వ జనరేషన్ నుంచి మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అడ్డదారిలో పాత మెషిన్ మీద విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు. అయితే విండోస్ 11 మీద వాలరెంట్ టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగు) రెండూ ఉంటేనే నడుస్తుంది. అలాంటి మెషిన్ కొంటే పాప ఆశపడిన ఆట దగ్గరే ఆగిపోతుంది.

మీ బడ్జెట్‌కు నా సలహా ఇది. పెద్ద కంపెనీలు లీజు ముగిశాక వదిలేసే ఆఫీసు కంప్యూటర్లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అనేవి వాటి పేర్లు. వాటిలో ఐ5-8500 లేదా ఐ5-8400 ఉన్నది, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) ఉన్నది చూడండి. ఆరు కోర్లు ఉన్న ప్రాసెసర్ అది. ఈ కంప్యూటర్లతో చాలావరకు అసలైన విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి వస్తుంది. కొత్తగా అసెంబుల్ చేయిస్తే దానికి వేరే డబ్బు పెట్టాలి.

కొనేటప్పుడు ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఇవే మోడళ్లు సన్నని పెట్టెలుగానూ, నిలువు టవర్లుగానూ వస్తాయి. సన్నని పెట్టె చూడముచ్చటగా ఉంటుంది గానీ, అందులో పొట్టి కార్డులు తప్ప మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు. టవరే తీసుకోండి. టవర్‌లో కూడా ఏ కార్డు పడితే ఆ కార్డు వేయడానికి లేదు. వీటి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, చిన్నది, ఉదాహరణకు ఆప్టిప్లెక్స్ 3060 టవర్‌లో 260 వాట్లది ఉంటుంది. దాని కనెక్టర్లు కూడా బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్‌లతో కలవవు కాబట్టి, పెద్దది తెచ్చి మార్చడం సులువు కాదు. అందుచేత మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు వేయాలి. 4 జీబీ జీటీఎక్స్ 1650 లో విడిగా పవర్ వైరు అడగని రకం ఉంది, అది సరిపోతుంది. ఆర్‌ఎక్స్ 580 చవకగా వస్తుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. దాని వాడకమే 185 వాట్లు. పైగా 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే డిజిటల్ డబ్బు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబగళ్లు నడిచి అలసిన కార్డులు ఎన్నో బజారులోకి వచ్చాయి.

అసలు కార్డును ఇప్పుడే కొననవసరం లేదని నా అభిప్రాయం. ఆ ప్రాసెసర్‌లోనే ఉన్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ మీద, సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే మైన్‌క్రాఫ్ట్ హాయిగా ఆడవచ్చు. దానికి 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా కాకుండా రెండు ముక్కలు ఉంటే తేడా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది.

కొత్తదే మేలు:

సర్వీసు బల్ల గారి సలహాను గౌరవిస్తూనే, నేను వేరే మాట చెప్పదలచుకున్నాను. సెకండ్‌హ్యాండ్ వస్తువుకు దుకాణంవారు ఇచ్చే గ్యారంటీ నెలల్లో ఉంటుంది. కొత్తగా రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఒక ఏ520 మదర్‌బోర్డు తీసుకుంటే ప్రాసెసర్‌కే మూడేళ్ల వారంటీ ఉంటుంది, కూలర్ పెట్టెలోనే వస్తుంది, అందులోని వేగా గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 630 కంటే స్పష్టంగా శక్తిమంతమైనది. రేపు డబ్బు చేతికందినప్పుడు మామూలు ఎస్‌ఎంపీఎస్ మీదే మంచి కార్డు వేసుకోవచ్చు. పిల్ల ఇంటర్‌కు వచ్చేదాకా మార్చనవసరం లేని పునాది ఇది.

సర్వీసు బల్ల:

మీ మాట నిజమే. రెండేళ్ల కిందట అయితే నేనూ అదే చెప్పేవాడిని. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డేటా సెంటర్లకు మెమరీ తరలిపోవడంతో మన చేతికి వచ్చేది తగ్గింది. మీరు చెప్పిన ప్రాసెసర్, బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, నమ్మదగిన ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, వీటన్నిటి ధర 18 శాతం జీఎస్టీతో కలిపి లెక్కవేస్తే ఇప్పుడు 30,000 దాటుతుంది, ఆ పైన విండోస్ ఖర్చు వేరే. పాత ఆఫీసు కంప్యూటర్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ మూడూ లోపలే వస్తున్నాయి. 40,000 పెట్టగలిగినవారికి మీ దారే సరైనది.

మున్నేటి ఒడ్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దుకాణానికి వెళ్లి రాయించుకుని వచ్చాను. ఐ7-2600, జీటీ 730. అంకె ఎందుకని వారు రెండుసార్లు అడిగారు.

సర్వీసు బల్ల:

దయచేసి కొనకండి. ఆ ప్రాసెసర్ సంగతి పైన చెప్పాను. జీటీ 730 తెర మీద బొమ్మ చూపించడానికి పనికొస్తుంది గానీ, ఆటలకు పెట్టిన కార్డు కాదు. మీకు వీలైతే ఒకరోజు ఉదయం బండికి సికింద్రాబాద్ వచ్చి, ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగైదు దుకాణాలు తిరగండి. పాపను కూడా తీసుకురండి.

డబ్బు ఇచ్చే ముందు మెషిన్ ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ప్రాసెసర్ అసలు పేరు, ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో అక్కడే కనిపిస్తాయి. తర్వాత రన్ పెట్టెలో టీపీఎం.ఎంఎస్‌సీ అని ఇంగ్లిషులో కొడితే టీపీఎం 2.0 ఉందో లేదో తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయినట్టు చూపాలి. తర్వాత ఎప్పుడైనా కార్డు కొంటే జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపించి చూడండి. పాత కార్డుకు కొత్త పేరు పెట్టి అమ్మే మోసాన్ని అది చాలాసార్లు పట్టి ఇస్తుంది.

సముద్రం పక్కన:

విశాఖ నుంచి రాస్తున్నాను. నేను టీచరును. మూడేళ్ల కిందట మా అబ్బాయికి కంప్యూటర్ అసెంబుల్ చేయించినప్పుడు, నేను చేసిన పొరపాటు మరొక తల్లిదండ్రులు చేయకూడదని చెబుతున్నాను. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ చాలని ఒకరు అంటే నమ్మాను. దాని మీద 500 వాట్లని రాసి ఉంది. వేసవిలో కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం అది కాలిపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. మా అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదు. ఆఫీసు కంప్యూటర్లలో ఎస్‌ఎంపీఎస్ చిన్నదైనా నాణ్యమైనదే ఉంటుంది కాబట్టి, నేను కూడా ఆ దారినే సమర్థిస్తాను. అయితే మీ 30,000 లో ఒక 600 వీఏ యూపీఎస్‌కు తప్పక చోటు పెట్టండి, ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఇంకొక మాట. ఫోన్‌లో కొన్న మైన్‌క్రాఫ్ట్ కంప్యూటర్‌లో చెల్లదు, మళ్లీ కొనాలి. కంప్యూటర్‌కు జావా, బెడ్‌రాక్ రెండు రకాలూ కలిపే అమ్ముతారు. పాపకు మైక్రోసాఫ్ట్‌లో పిల్లల ఖాతా తెరిచి, మీ ఖాతా కింద చేర్చుకుంటే ఆడే సమయం, కొనుగోళ్లు మీ అనుమతితోనే జరుగుతాయి. ఐరోపాలో ఆటలకు వయసు నిర్ణయించే పెగి పట్టికలో మైన్‌క్రాఫ్ట్‌కు 7, వాలరెంట్‌కు 16 అని ఉంది. కాబట్టి రెండో ఆటకు, అంటే కార్డుకు కూడా, మీకు తగినంత వ్యవధి ఉంది. కంప్యూటర్‌ను నలుగురూ తిరిగే ముందు గదిలోనే పెట్టండి. మా ఇంట్లో అలా పెట్టినందువల్లే మా అబ్బాయి ఏం కడుతున్నాడో నేను చూడగలిగాను, చూశాను గనుకే వాడితో మాట్లాడగలిగాను.

మున్నేటి ఒడ్డు:

నిన్న వెళ్లి వచ్చాం. ఐ5-8500 ఉన్న డెల్ టవర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 15,500 రూపాయలకు దొరికింది. మొదటి దుకాణంలో అదే మోడల్ సన్నని పెట్టెలో వెయ్యి తక్కువకు ఇస్తామన్నారు, మీ మాట గుర్తుండి వద్దన్నాను. టీపీఎం పరీక్ష పాపే చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో మరో 8 జీబీ ర్యామ్ ముక్కకు 3,000, యూపీఎస్‌కు 3,200, కీబోర్డు, మౌస్‌కు 800 అయ్యాయి. మెషిన్ వెనుక డిస్‌ప్లే పోర్టులు మాత్రమే ఉన్నాయి, మా టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది. అది దుకాణంలోనే గమనించి 400 పెట్టి కన్వర్టర్ కేబుల్ తీసుకున్నాం. మొత్తం 22,900. మిగిలిన 7,100 లో పాప మైన్‌క్రాఫ్ట్ కొనగా ఉన్నది కార్డు కోసం దాచాను.

ఇంటికి వచ్చాక రెండో ర్యామ్ ముక్కను నేను చెప్పకుండానే గాడి చూసుకుని తనే పెట్టింది. రెండు వైపులా క్లిప్పులు టిక్కుమని పడ్డప్పుడు నా వైపు చూసిన చూపు మరచిపోలేను. ఒక్క ఇబ్బంది మిగిలింది. టీవీ మీద మౌస్ కదిపిన కాసేపటికి గానీ బాణం గుర్తు కదలడం లేదు. కంప్యూటర్‌లో లోపమా అని భయంగా ఉంది.

సర్వీసు బల్ల:

కంప్యూటర్ లోపం కాదండి. టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. మీ టీవీ రిమోట్‌లో పిక్చర్ సెట్టింగులకు వెళ్లి గేమ్ మోడ్ పెట్టండి. ఆ మాట లేకపోతే పీసీ మోడ్ అని ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్‌లో రెండర్ డిస్టెన్స్‌ను, అంటే ఎంత దూరం వరకు కనిపించాలన్న సెట్టింగును, 8 కి తగ్గించమని పాపతో చెప్పండి. ఊరు కట్టడం పెరిగి మెషిన్ తడబడినప్పుడు, జావా రకంలో సోడియం అనే ఉచిత మాడ్ (ఆటకు అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాం) వేసుకుంటే మరికొంత కాలం కార్డు లేకుండానే గడుస్తుంది.

మున్నేటి ఒడ్డు:

గేమ్ మోడ్ పెట్టాం, బాణం గుర్తు చేతితో పాటే కదులుతోంది. మున్నేరు మీద వంతెన మొదలుపెట్టింది.