సమస్యాపూరణం: "తల్లి లేక పిల్ల తానె పుట్టె"

పృచ్ఛకుడు: ఈ వారం వస్తువు కొంచెం వింతది. టరాంటులా సాలీళ్ళను పెంచేవారిలో కొందరు, తల్లి అల్లిన పట్టుసంచిని కొన్ని వారాల తరువాత తీసి, గ్రుడ్లను ఇంట్లో చేసుకొన్న ఇంక్యుబేటరులో పొదిగిస్తారు. కలత చెందిన తల్లి ఒక్కొక్కసారి తన సంచిని తానే తినివేస్తుంది కనుక ఈ ఏర్పాటు. పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున కొద్దిగా నీరు, నీటికి అందని ఎత్తులో నిలిపిన చిన్న డబ్బా, గ్రుడ్లను ఉంచేందుకు దాని మూతికి వదులుగా కట్టిన పలుచని గుడ్డ, మూతకు గాలి రంధ్రాలు, సుమారు 25 నుండి 28 డిగ్రీల వేడి: సామగ్రి ఇంతే. ఛందస్సు ఆటవెలది. నాలుగవ పాదం నాది, మిగిలిన మూడూ మీవి. పద్యంలో గ్రుడ్లు చెడిపోతే యతి కుదిరినా మెచ్చుకోనని ముందే మనవి.

అనంతపురం సభ్యుడు:

అడుగు నీరు పోసి యందులో గుడ్డపై
గ్రుడ్లు పేర్చి వేడి గూర్చి నిలుప
సాలెపురుగు కాళ్ళు సాచెను మెల్లగా
తల్లి లేక పిల్ల తానె పుట్టె

పృచ్ఛకుడు: గణాలు, యతులు సరిపోయాయి. మూడవ పాదం చాలా బాగున్నది. గ్రుడ్డు నుండి పూర్తి సాలీడు ఒక్కసారిగా బయటికి రాదు; గ్రుడ్డుకే కాళ్ళు మొలిచాయా అనిపించే, సరిగా కదలలేని దశ ఒకటి ముందు వస్తుంది. మీ "మెల్లగా" దానిని పట్టుకొన్నది. అయితే "అందులో గుడ్డపై" అంటే గుడ్డ నీటిలోనే ఉన్నదని అన్వయం కలుగుతుంది. తేమ గాలిలో ఉండాలి గాని గ్రుడ్డుకు తడి తగలరాదు. "అడుగు నీరు పోసి యాపైన నుయ్యెలన్" అని మారిస్తే వదులుగా కట్టిన గుడ్డ రూపం కూడా కంటికి కడుతుంది.

కొత్త సభ్యుడు: ఇది నా తొలి పూరణ. పెద్దలు దిద్దగలరు.

బూజు పట్టినట్టి గ్రుడ్లను తీయగా
మేలి గ్రుడ్లు వేఱు మెత్తపైన
మార్చి మార్చి యుంచ మఱికొన్ని నాళ్ళకే
తల్లి లేక పిల్ల తానె పుట్టె

పృచ్ఛకుడు: మొదటి పాదంలో యతి తప్పింది, "బూ"కు "గ్రు" చెల్లదు. "బూజు పట్టినట్టి పుచ్చు గ్రుడ్లను దీసి" అనండి, బూ-పు లకు మైత్రి ఉన్నది. విషయం మాత్రం అనుభవజ్ఞులు మెచ్చేది: బూజు ఒక గ్రుడ్డు నుండి పక్కదానికి పాకుతుంది, అందుకే చెడినదానిని వెంటనే ఏరివేయాలి.

డాలస్ సభ్యురాలు:

నల్లమలను వీడి నానాదిశల జేరి
గుత్తి పేరు మోసి గూటిలోన
పరుల యింట గాజు పలకల నడుమను
తల్లి లేక పిల్ల తానె పుట్టె

పృచ్ఛకుడు: అమ్మా, "తల్లి" అంటే తల్లినేల అని మీరు తిప్పిన తీరుకు జోహార్లు. తెలియనివారి కోసం చెబుతున్నాను: పద్యంలో గుత్తి పేరు మోసేది లోహపు మెరుపు గల ఒక నీలి టరాంటులా; అది మొదట గుత్తిలోని రైల్వే కలప నిలువలో దొరికింది. పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దానిని 1899లో వర్ణించాడు. ఆ తరువాత శతాబ్దం పాటు ఎవరికీ కనబడక, 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్ళీ కనిపించింది. ఈనాడు అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. 2019 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారంపై సైట్స్ (ముప్పులో ఉన్న వన్యజాతుల వ్యాపారానికి సంబంధించిన) ఒప్పందపు నియంత్రణ కూడా ఉన్నది. దాని సంతతి మాత్రం యూరపులో, అమెరికాలో ఎందరి ఇళ్ళలోనో పెరుగుతున్నది. ఇంత కథను మూడు పాదాలలో సూచించారు. ఇక దోషం చూద్దాం. "వీడి", "జేరి" క్త్వార్థకాలు, అంటే ఒక పని ముగించి మరొకటి చేసినట్టు చెప్పే అసమాపక క్రియలు. వాటి కర్త, "పుట్టె"కు కర్త ఒక్కరే కావాలి. అడవిని వీడినవి పూర్వీకులు, పుట్టినది పిల్ల. పైగా గూడు, గాజు పలకలు రెండూ ఒకే చోటును చెబుతున్నాయి. నా సవరణ:

నల్లమలలు లేని నగరంబులోపల
గుత్తి పేరె తనకు గుర్తు గాగ

డాలస్ సభ్యురాలు: కృతజ్ఞతలు. "గుత్తి పేరె తనకు గుర్తు" అన్నది నా పద్యానికి లేని బాధను తెచ్చింది.

కర్నూలు సభ్యుడు:

పట్టుసంచి నమ్మ పలునాళ్ళు మోయదే
త్రిప్పి త్రిప్పి గ్రుడ్లు తీర్చలేదె
పెట్టె చేసినట్టి పెద్దయ్య యననేల
తల్లి లేక పిల్ల తానె పుట్టె

పృచ్ఛకుడు: సమస్యనే పెద్దయ్య నోట పెట్టి, "అననేల" అని నిలదీశారు. ఈ వారం నాకు అన్నిటికన్న నచ్చిన పూరణ ఇదే. "మోయదే" అని స్వభావం చెప్పి, "తీర్చలేదె" అని భూతకాలంలోకి దిగడం ఒక్కటే కొరత. "తీర్చుకొనదె" అంటే గణమూ చెడదు.

అనంతపురం సభ్యుడు: ఆర్యా, ఒక సందేహం. సంచిని తీసిన తరువాత గ్రుడ్లను త్రిప్పేదెవరు? అది పెద్దయ్య పనే కదా, ఆయనకు కొంత పుణ్యం దక్కవద్దా?

పృచ్ఛకుడు: తప్పక దక్కాలి. ఆయన రోజుకు కొన్నిసార్లు ఆ గుడ్డ ఉయ్యెలను అటూ ఇటూ వంచి గ్రుడ్లను మెల్లగా దొర్లిస్తాడు; అలా చేయకపోతే అవి అడుగువైపు అణగి, ఒకదానికొకటి అతుక్కొనే ప్రమాదం ఉన్నది. పెద్దయ్య పక్షాన ఎవరైనా ఒక పూరణ వ్రాస్తే ఆదివారం దాకా స్వీకరిస్తాను. "వంచు"కు యతి వెదుక్కొనే భారం మాత్రం మీదే.