అప్‌డేట్: రూర్కెలాలో హాకీ ఆటగాళ్ల సంతకాలు దొరికాయి

హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఆటకు ఒడిశాలోని రూర్కెలా వెళ్తున్నాం, మా అబ్బాయికి ఆటగాళ్ల సంతకాలు ఎలా దొరుకుతాయని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఆట ముగిశాక ముందు వరుస కంచె దగ్గరే నిలబడమన్న సలహా ఫలించింది. బిర్సా ముండా స్టేడియంలో ఇరవై వేల మంది పడతారు గానీ, హూటర్ మోగగానే జనం గేట్ల వైపు కదిలారు. ఆటగాళ్లు కాసేపు ఒళ్లు సాగదీసుకుని, నింపాదిగా మా వైపు వచ్చారు. ఒకరైతే మావాడి పేరు అడిగి మరీ రాశారు. వాడు వేసుకున్నది భారత మాజీ గోల్‌కీపర్ శ్రీజేశ్ 16వ నంబరు జెర్సీ. పారిస్ 2024 ఒలింపిక్స్ కాంస్యం తర్వాత ఆయన గౌరవార్థం సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వకుండా హాకీ ఇండియా (దేశ హాకీ సమాఖ్య) పక్కన పెట్టిన నంబరు అది, ఆటగాళ్లు చూసి నవ్వుకున్నారు.

గోల్‌కీపర్లు ప్యాడ్లు విప్పాకే వస్తారు, ఓపిక పట్టాలి. ఆటగాళ్ల కోసం హోటల్ ముందు కాపు కాయడం, జట్టుకు ముందుగా ఉత్తరం రాయడం అక్కర్లేకపోయాయి. బాల్‌పెన్ను జెర్సీ మీద సరిగా పడదు, మార్కర్ తీసుకెళ్లండి.