20 వేల పౌండ్లకి షాడోనా, కాంటినెంటల్ జీటీనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. మంచి బ్రిటిష్ కారొకటి కొని పదికాలాలు ఉంచుకోవాలని కోరిక. బడ్జెట్ 20 వేల పౌండ్లు. 1978 రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో 2 ఒకటి, 2004 బెంట్లీ కాంటినెంటల్ జీటీ ఒకటి చూశాను. నెలకి రెండుమూడు సార్లు తీస్తాను, అప్పుడప్పుడు లండన్ కూడా వెళ్లాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: షాడో తీసుకోండి. రెండూ ఇంగ్లండ్‌లోని క్రూ ఊరి ఫ్యాక్టరీ బళ్లే. కానీ జీటీ 2003లో లక్ష పౌండ్లకు పైనే పలికిన కారు. అమ్మకం ధర పడిపోయింది గానీ స్పేర్ పార్టుల ధర పడలేదు. ఇంజినేమో ఆరు లీటర్ల డబ్ల్యూ12, అంటే పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు. బానెట్ కింద వేలు దూరే సందుండదు, టర్బో పనికి ఇంజిన్ మొత్తం దించాల్సి వస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ లీకైతే రాత్రి సరిగ్గా నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఓ పక్కకి కూర్చుని ఉంటుంది. షాడోలోని వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 1959లో మొదలైన వంశం, 2020 దాకా తయారైంది. దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌లు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నారు.

మరొకరు: నేను ఒప్పుకోను. ఎక్కువ తిరగాలంటే జీటీయే సుఖం. పైగా 2006 మార్చి 23కి ముందు రిజిస్టరైన బళ్లకి రోడ్ ట్యాక్స్ తక్కువ శ్లాబులో పడుతుంది, మీరు చూసింది అందులోకే వస్తుంది. లండన్ యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్లకి అక్కడ వేసే రుసుము) సంగతి మాత్రం బండి నంబరు కొట్టి చూసుకోండి. వర్తిస్తే రోజుకి 12.50 పౌండ్లు.

ప్రశ్న అడిగినవారు: షాడో బ్రేకుల హైడ్రాలిక్స్ గురించి అందరూ భయపెడుతున్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఎలా తెలుసుకోవాలండీ?

మొదట జవాబిచ్చినవారు: ఆ సిస్టమ్ సిట్రోయెన్ అనే ఫ్రెంచ్ కార్ల కంపెనీ లైసెన్సుతో తీసుకున్నది. ఇంజిన్‌ని నాలుగైదు నిమిషాలు నడిపి ఆపేయండి. మళ్లీ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, బ్రేకు పెడల్ తొక్కుతూ లెక్కపెట్టండి. ప్రెషర్ లైటు పది పదిహేనుసార్లకే వెలిగితే అక్యుములేటర్లలో (బ్రేకుల ప్రెషర్‌ని నిల్వ ఉంచే గోళాల్లో) నైట్రోజన్ పోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. 40 దాటినా వెలగలేదంటే నిశ్చింత. ఫ్లూయిడ్ ఏం పోస్తున్నారో కూడా అడగండి. షాడోకి ఆర్ఆర్363 అనే బ్రేక్ ఫ్లూయిడ్ పోయాలి. తర్వాతి మోడళ్లకి వాడే ఆకుపచ్చ మినరల్ ఆయిల్ ఇందులో పోస్తే సీళ్లన్నీ పాడైపోతాయి.

ఇంకో లాభం చెప్పాలి. 40 ఏళ్లు దాటింది కాబట్టి హిస్టారిక్ (పాతకాలపు బళ్ల) వర్గం కింద మార్పించుకుంటే రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, యూలెజ్ కూడా ఉండదు. పెద్ద మార్పులు చేయని బండైతే ఎంవోటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి, అంత బరువున్న బండి బ్రేకులు ఇంకొకరు కూడా చూడటం మంచిది. పెట్రోల్ ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపరే పోయించండి, ఇథనాల్ ఎక్కువుండే మామూలు ఈ10 వద్దు.

మరొకరు: షాడోయే అనుకుంటే, నార్తాంప్టన్‌షైర్ పాలర్స్‌ప్యూరీలోని హంట్ హౌస్‌లో రోల్స్ రాయిస్ ఎన్తూజియాస్ట్స్ క్లబ్ ఉంది. ఛాసిస్ నంబరు, అంటే బండి మీద ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు నంబరు ఇస్తే ఫ్యాక్టరీ రికార్డు కాపీ ఇస్తారు. మొదటి రంగు, లోపలి లెదర్ ఏమిటో అందులో ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పినదానితో సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. శనివారం షాడో చూడ్డానికే వెళ్తున్నా.

మొదట జవాబిచ్చినవారు: చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. షాడోకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బండికి బలం. అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి, సిల్స్ (తలుపుల కింది రేకు పట్టీలు) మీద, వెనక చక్రాల ఆర్చుల అంచున ఆనించి చూడండి. అతుక్కోకపోతే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఆ బండి వదిలేయండి, ఇంకొకటి దొరుకుతుంది.