ప్రఫుల్ల: విప్పారినదా, విరగబూసినదా?

మనుమరాలికి ప్రఫుల్ల అని పేరు పెట్టుకుని, 'దీనికి సంతోషం అని అర్థమట, నిజమేనా?' అని ఈ గుంపులో అడిగిన పెద్దాయనకు నా జవాబు. పేరు చక్కనిది. అర్థమే కాస్త పక్కకు జరిగింది. సంతోషం అనేది తరవాత వచ్చి చేరిన అర్థం. ముఖం ప్రఫుల్లంగా ఉందంటే పువ్వులా విచ్చుకుని ఉందని. ఆ పోలికలోంచి పువ్వు జారిపోయి నవ్వు మిగిలింది.

అమరసింహుడి సంస్కృత పర్యాయపద నిఘంటువు అమరకోశంలో రెండో కాండ, చెట్టుచేమల పేర్లు చెప్పే వనౌషధివర్గం చూడండి. 'ప్రఫుల్లోత్ఫుల్లసంఫుల్లవ్యాకోశవికచస్ఫుటాః, ఫుల్లశ్చైతే వికసితే స్యుః' అని ఉంటుంది. వికసించినదానికి ఏడు మాటలు. ఆ వెంటనే ఇవి మూడు లింగాల్లోనూ వస్తాయని అంటాడు. అందుకే మన ఇళ్లలో ప్రఫుల్ల ఆడపిల్ల పేరైతే, బెంగాల్‌లో 1861లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్. ఇద్దరి విషయంలోనూ వ్యాకరణానికి అభ్యంతరం లేదు.

పైన ఒకరు సరదాగా 'ఫుల్లుగా విరిసింది కాబట్టి ఫుల్ల' అన్నారు. నవ్వుకున్నాను గానీ, నమ్మేవాళ్లు ఉంటారేమోనని చెబుతున్నాను: ఇంగ్లీషు ఫుల్‌కు సంస్కృతంలో దాయాది ఉంది, అది పూర్ణ. ఫుల్లకు ఆ ఇంటితో చుట్టరికం లేదు. దీని పుట్టుక 'ఞిఫలా విశరణే' అనే ధాతువులో, అంటే క్రియామూలంలో. విశరణం అంటే చీలడం, పగలడం. మొగ్గ పగిలితే ఫుల్లం. స్ఫుట కూడా అలాంటిదే. స్ఫోటకం, విస్ఫోటనం దాని తోబుట్టువులు. వ్యాకోశ అంటే కోశం, అంటే మొగ్గను మూసి ఉంచిన ఒర, తొలగిపోయినది. వికసించడం అనగానే మనకు మెత్తగా ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది. ఈ మాటలు పుట్టించినవాళ్లు మాత్రం అక్కడ ఒక చీలికను చూశారు.

ఇక అసలు తగాదా. 'పాణిని ప్రకారం ప్రఫుల్ల తప్పు' అని మరొకరు రాశారు. ఆయన గాలికి అన్న మాట కాదది. పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో 8.2.55 సూత్రం 'అనుపసర్గాత్ ఫుల్లక్షీబకృశోల్లాఘాః'. ముందు ఉపసర్గ (ప్ర, ఉత్, సం లాంటివి) లేనప్పుడే ఫుల్ల అనే రూపం సాధువు, అంటే ఒప్పు, అని దాని సారం. ముందు 'ప్ర' చేరితే ప్రఫుల్త కావాలి. ఉత్ఫుల్ల, సంఫుల్ల అనే రెంటికీ వార్తికం (సూత్రానికి తరవాత చేర్చిన సవరణ) విడిగా అనుమతి ఇచ్చింది. ప్రఫుల్ల ఒక్కటే గుమ్మం బయట నిలబడిపోయింది. మరి కాళిదాసు రఘువంశం రెండో సర్గలో 'లోధ్రద్రుమం సానుమతః ప్రఫుల్లమ్' అన్నాడే! పాణిని సూత్రాలను వివరించే సిద్ధాంతకౌముది ఈ పాదాన్నే ఎత్తుకుని, ఇదెలా కుదురుతుందని అడిగి, తానే దారి చూపిస్తుంది: 'ఫుల్ల వికసనే' అని వేరే ధాతువు ఉంది, దానికి అచ్ అనే ప్రత్యయం (చివర చేరే అంశం) చేరిస్తే ప్రఫుల్ల సిద్ధిస్తుంది, పాణిని సూత్రం అడ్డురాదు. మన మల్లినాథసూరి (కొలిచెలమ, అంటే నేటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు) రఘువంశానికి రాసిన తన వ్యాఖ్యలో ఇదే మాట చెప్పి, ప్రఫుల్తమ్ అనే పాఠం ఉంటే దాన్ని ఎలా సాధించాలో కూడా చూపించాడు. ఎటు తిరిగినా కవి గెలిచేటట్టు చూశాడన్నమాట. ఈ తగాదా ఇక్కడితో తీరిపోయినట్టే. పాపకు ఎవరూ పేరు మార్చనక్కరలేదు.

కానీ నాకు ఆ శ్లోకంలో వ్యాకరణం కంటే చెట్టు ముఖ్యం. ఎర్రావు మీద ఎక్కి కూర్చున్న సింహాన్ని దిలీప మహారాజు చూస్తాడు. అది జేగురు రంగు కొండ నెత్తం (పైనున్న చదును నేల) మీద ప్రఫుల్లమైన లొద్దుగ చెట్టులా ఉందట. ఇక్కడ ప్రఫుల్లమైనది పువ్వు కాదు, చెట్టు! 'పూర్తిగా విచ్చిన పువ్వు' అని మనం రాసుకునే అర్థం ఇక్కడ చాలదు. పైన చెప్పిన అమరంలోనూ ఈ మాటలకు ముందున్నవి కాయని చెట్టు, కాసే చెట్టు పేర్లే.

దీనికి తెలుగు వెతకబోతే మన పెరట్లోనే ఉంది: విరగబూయడం. మామిడి విరగబూసింది అంటాం. కొమ్మలు విరుగుతాయేమో అన్నంతగా పూసిందని. అక్కడా ఒక పగులు ఉంది చూడండి. 'విచ్చు' కూడా అంతే. మొగ్గ విచ్చింది అంటాం, వానలు లేక నేల నెర్రెలు విచ్చింది అంటాం. పత్తి చేలో కాయ పగిలింది అంటే రైతుకు శుభవార్త. సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న ఊహ కాదిది. చూసిన కన్ను ఎవరిదైనా మొగ్గలో కనబడింది అదే.

అందుకని అనువాదం చేసేవాళ్లకు నా సలహా: పువ్వు అయితే విప్పారిన, చెట్టయితే విరగబూసిన. రెండు చోట్లా 'వికసించిన' అని పెట్టేస్తే తప్పు కాదు, చప్పన.

మరో ముచ్చట. విరియు నుంచి విరి వచ్చింది, అంటే విరిసినదే పువ్వు. హిందీలోనూ సరిగ్గా ఇదే జరిగింది: ఫుల్ల అనే విశేషణం ప్రాకృతం మీదుగా ఫూల్ అయి పువ్వుకు పేరైపోయింది. అక్కడ ఫూల్నా అంటే పూయడమూ, ఉబ్బడమూ. పెనం మీద ఉబ్బే పుల్కా ఆ ఇంటి పిల్లే. రాత్రి భోజనంలో ఎవరైనా అమరకోశం తినడం లేదని అనకండి.

శ్రీనాథుడిదిగా చెప్పుకునే 'ఫుల్లసరోజనేత్ర' చాటువు (నోటి మీద నిలిచిన విడి పద్యం) గురించి అడిగినవారికి: విచ్చిన తామరల వంటి కళ్లున్నవాడా అని కృష్ణుణ్ణి పిలవడం అది. పూతన పాలు తాగానని, కార్చిచ్చు మింగానని నిక్కుతావెందుకు, చింతచిగురు వేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు చూద్దాం అని సవాలు. అంత పెద్ద సమాసంతో పిలిచి పెట్టబోయేది ఆ ముద్ద! ఆ పిలుపులోనే సగం హాస్యం ఉంది. ఒక్క మనవి. దాన్ని 'పుల్లసరోజ' అని అచ్చు వేస్తున్నారు, ఈ గుంపులోనే రెండుసార్లు చూశాను. ఒత్తు పోతే తామర పుల్ల అవుతుంది. పాప పేరు బడిలో రాయించేటప్పుడు కూడా ఆ ఫ కింది ఒత్తు ఒకసారి చూసుకోండి.